పళ్లు చూడలేని బేరం: పాత ఎలక్ట్రిక్ కార్ల ధర ఎందుకు అంత వేగంగా దిగుతోంది?

క్లుప్తంగా: వాడిన ఎలక్ట్రిక్ కారు ధర పెట్రోలు కారుకంటే వేగంగా పడిపోవడానికి బ్యాటరీ అరుగుదల ఒక కారణమే గానీ ప్రధాన కారణం అది కాదు. కొత్త కార్ల ధరలు దిగిరావడం, బ్యాటరీ ఏ స్థితిలో ఉందో కొనేవారికి తెలియకపోవడం అంతకంటే ఎక్కువగా ధరను కిందికి లాగుతున్నాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దూరాలు, ఎండ, చిన్న సంత దీనికి తోడవుతున్నాయి. మొదటి యజమాని పోగొట్టుకున్న దానిలో కొంత, పరీక్షించి కొనే రెండో యజమానికి దక్కుతుంది.

ఒంగోలు జాతి గిత్తను కొనేవారు ముందుగా నోరు తెరిపించి చూస్తారు. పాల పళ్లా, రెండు పళ్లా, నాలుగా, ఆరా అన్నది తేలితే వయసు తేలినట్టే. మూపురం, గిట్టలు, నడక ఆ తర్వాత. అమ్మేవారు ఎంత పొగిడినా కొనేవారి చేతిలో ఒక సాక్ష్యం ఉంటుంది. పాత పెట్రోలు కారు బేరమూ ఇంచుమించు ఇలాగే సాగుతుంది. తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్తే ఆయన ఇంజిను చప్పుడు వింటాడు, పొగ రంగు చూస్తాడు, ఆయిలు మూత తీసి వాసన పడతాడు. మీటరు తిప్పారేమోనన్న అనుమానం వస్తే టైర్లు, పెడళ్ల అరుగుదల చూసి చెప్పేస్తాడు.

ఎలక్ట్రిక్ కారు దగ్గరికి వచ్చేసరికి ఈ విద్య అక్కరకు రాదు. చప్పుడు లేదు, పొగ లేదు. కారు ఖరీదులో పెద్ద వాటా అయిన బ్యాటరీ అడుగున సీలు వేసిన పెట్టెలో ఉంటుంది. బయటినుంచి చూస్తే రెండేళ్ల బ్యాటరీకీ ఆరేళ్ల బ్యాటరీకీ తేడా కనిపించదు. 2020 నుంచి 2022 వరకు కొన్న తొలి తరం కార్లు ఇప్పుడు రెండో చేతికి మారే వయసుకు వచ్చాయి. అమ్మబోయిన యజమానికి బేరగాళ్లు చెప్పే ధర మింగుడు పడదు. కొనబోయిన వారికేమో ఆ ధర కూడా ఎక్కువే అనిపిస్తుంది. ఇద్దరి అయోమయానికీ మూలం ఒక్కటే: విలువ పడిపోవడాన్నీ, పనితనం పడిపోవడాన్నీ ఒకటిగా చూడటం.

తరుగుదలకు మూడు లెక్కలు

తరుగుదల అనే మాట మూడు చోట్ల మూడు అర్థాల్లో వినిపిస్తుంది. వాటిని కలిపేస్తే లెక్క మొదటే తప్పుతుంది.

మొదటిది బీమా లెక్క. కారు ఆరు నెలల లోపుదైతే 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50 శాతం తగ్గించి బీమా విలువ కడతారు. అయిదేళ్లు దాటితే బీమా కంపెనీ, యజమాని కలిసి మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. ఈ పట్టిక పెట్రోలు, ఎలక్ట్రిక్ అనే తేడా చూడదు. దీన్ని కారు ఎప్పుడో కొన్న ధరకు వర్తింపజేయరు, ఆ మోడల్‌కు ప్రస్తుతం కంపెనీ ప్రకటించే ధరకు వర్తింపజేస్తారు. కంపెనీ ధర తగ్గిస్తే పాత కారు బీమా విలువ కూడా దానితో పాటే దిగుతుందన్నమాట.

రెండోది ఆదాయపు పన్ను లెక్క. వ్యాపారానికి వాడే మామూలు కారుకు ఏటా 15 శాతం తరుగుదల చూపుకునే వీలుంటే, ఎలక్ట్రిక్ వాహనానికి 40 శాతం వరకు చూపుకునే వీలు ఏళ్లుగా ఉంది. ఇది ప్రోత్సాహం కోసం ఇచ్చిన రాయితీ. కారు నిజంగా ఏటా 40 శాతం పాడవుతుందని దీని అర్థం కాదు. ఆడిటరు కాగితం మీద కనిపించిన విలువను చూసి బేరం మొదలుపెడితే యజమాని నష్టపోతాడు.

మూడోది సంత లెక్క. మిగతా వ్యాసమంతా దీని గురించే.

కొత్త కారు ధరే తూకపు రాయి

పాత కారును ఎవరూ పాత ధరతో పోల్చి కొనరు. నేడు షోరూములో అదే కారు కొత్తది ఎంతకు వస్తుందో చూసి, అందులోంచి తగ్గించుకుంటూ వస్తారు. పెట్రోలు కార్ల ధరలు చాలా ఏళ్లపాటు ఏటా ఎంతో కొంత పెరుగుతూ వచ్చాయి. కాబట్టి 8 లక్షలకు కొన్న కారు కొత్తది 10 లక్షలైతే, పాతదాని ధర కూడా ఆ పెరుగుదల నీడలో కొంత నిలబడేది. ఎలక్ట్రిక్ కార్ల విషయంలో ఈ నీడ లేకపోగా, తలకిందులైంది.

మన దేశంలో దీనికి తొలి ఉదాహరణ 2019లోనే కనిపించింది. ఆ ఏడాది జులైలో హ్యుందాయ్ కోనా 25.30 లక్షల రూపాయల ధరతో వచ్చింది. ఆగస్టు 1న ఎలక్ట్రిక్ వాహనాలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గడంతో ప్రారంభ ధర 23.71 లక్షలకు దిగింది. అంటే జులైలో కొన్నవారి కారు, బ్యాటరీకి చెమట కూడా పట్టకముందే లక్షన్నరకు పైగా విలువ కోల్పోయింది.

టాటా నెక్సాన్ ఈవీ కథ చూస్తే ఇది ఇంకా వివరంగా అర్థమవుతుంది. 2020 జనవరిలో 30.2 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీతో, 13.99 లక్షల ప్రారంభ ధరతో అది మార్కెట్లోకి వచ్చింది. 2023 సెప్టెంబరులో కొత్త రూపంతో వచ్చినప్పుడు ప్రారంభ ధర 14.74 లక్షలు. 2024 ఫిబ్రవరిలో బ్యాటరీ సెల్‌ల ధరలు తగ్గాయంటూ కంపెనీ ధరలు తగ్గించింది. అదే ఏడాది సెప్టెంబరులో పండుగ సీజన్ తగ్గింపుతో ప్రారంభ ధర 12.49 లక్షలకు వచ్చింది. దాదాపు అయిదేళ్ల తర్వాత, మెరుగైన కొత్త కారు తొలి కారుకంటే తక్కువకు దొరికితే, తొలి కారు ఏ ధరకు పోవాలి?

ఊహకు ఒక లెక్క వేసి చూడవచ్చు. ఒకరు 15 లక్షలకు కారు కొన్నారు. నాలుగేళ్లలో కొత్త కారు ధర 12.5 లక్షలకు దిగింది. కొనేవారు 40 శాతం తరుగుదల న్యాయమని భావించి 12.5 లక్షల్లోంచి తీసేస్తే 7.5 లక్షలు వస్తుంది. కొనేవారి దృష్టిలో కారు 40 శాతమే తగ్గింది. అమ్మేవారి దృష్టిలో 15 లక్షల కారు సగానికి పడిపోయింది. ఆ పది శాతం తేడాకూ కారు స్థితికీ ఏ సంబంధమూ లేదు. అది బ్యాటరీల తయారీ చౌక అయినందుకు మొదటి యజమాని చెల్లించిన మూల్యం.

ఆ చౌకదనం ఏ స్థాయిలో ఉందో బ్లూమ్‌బర్గ్ సంస్థ ఏటా చేసే సర్వే చెబుతుంది. బ్యాటరీ ప్యాక్ ప్రపంచ సగటు ధర ఒక యూనిట్ సామర్థ్యానికి 2023లో 139 డాలర్లు ఉంటే, 2024లో 115 డాలర్లు. ఒక్క ఏడాదిలో ఆరో వంతుకు పైగా తగ్గింది.

అమెరికాలో ఇదే జరిగితే పెద్ద కంపెనీలే తట్టుకోలేకపోయాయి. 2021లో లక్ష టెస్లాలు కొంటానని ప్రకటించిన అద్దె కార్ల సంస్థ హెర్ట్జ్, 2024 జనవరిలో సుమారు 20,000 ఎలక్ట్రిక్ కార్లను అమ్మేస్తున్నట్టు చెప్పింది. తరుగుదల కింద 24.5 కోట్ల డాలర్ల భారాన్ని లెక్కల్లో చూపింది. మరమ్మతుల ఖర్చుతో పాటు, 2023లో టెస్లా కొత్త కార్ల ధరలు పదే పదే తగ్గించడం అందుకు కారణమైంది. వందల కోట్లతో వ్యాపారం చేసేవారే ముందుచూపులో తప్పినప్పుడు, నెల్లూరులో ఒక్క కారు కొన్న ఉద్యోగి లెక్క తప్పడం తెలివితక్కువతనం కాదు.

పెట్రోలు కార్ల వైపునుంచి కూడా ఒక దెబ్బ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న పెట్రోలు, డీజిలు కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందున్న సెస్సు కూడా పోయింది. ఎలక్ట్రిక్ కార్ల 5 శాతంలో మార్పు లేదు. రెంటి మధ్య ఉన్న పన్ను దూరం తగ్గడంతో కొత్త పెట్రోలు కారు మరింత అందుబాటులోకి వచ్చింది. దాని ప్రభావం పాత ఎలక్ట్రిక్ కారు బేరం మీదా పడుతుంది.

బ్యాటరీ నిజంగా ఎంత అరుగుతుంది?

జనంలో బలంగా ఉన్న భయం ఇది: ఫోను బ్యాటరీ మూడేళ్లకు చేతులెత్తేస్తుంది కదా, కారు బ్యాటరీ కూడా అంతేనేమో. పోలిక సహజమే గానీ సరికాదు. ఫోనును రోజూ దాదాపు పూర్తిగా ఖాళీ చేసి పూర్తిగా నింపుతారు, దానికి చల్లబరిచే ఏర్పాటు ఉండదు. కారు బ్యాటరీలో వందల సెల్‌లు భారాన్ని పంచుకుంటాయి. చాలా మోడళ్లలో ద్రవం ప్రవహించే గొట్టాలు వాటిని చల్లబరుస్తాయి. రెండు చివర్లా కొంత సామర్థ్యాన్ని కంపెనీయే వాడకానికి ఇవ్వకుండా అట్టిపెడుతుంది.

వేల ఎలక్ట్రిక్ వాహనాల సమాచారాన్ని గమనించే జియోట్యాబ్ సంస్థ 2024లో ఇచ్చిన విశ్లేషణ ప్రకారం బ్యాటరీ సగటున ఏటా 1.8 శాతం సామర్థ్యం కోల్పోతుంది. ఎనిమిదేళ్లకు అది సుమారు 14 శాతం. అదే కాలంలో కారు ధర సగానికి పైగా పడిపోతుంది. 14 శాతానికీ 50 శాతానికీ మధ్య ఉన్న అగాధంలోనే పాత ఎలక్ట్రిక్ కారు వ్యవహారమంతా ఉంది.

అయితే ఆ సగటు చల్లని దేశాల కార్లను కూడా కలుపుకున్నది. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండల్లో 42, 43 డిగ్రీలు చూసే ఈ తీరానికి దాన్ని యథాతథంగా తెచ్చుకోకూడదు. బ్యాటరీ రెండు విధాలుగా ముసలిదవుతుంది. ఒకటి, నింపి ఖాళీ చేసిన ప్రతిసారీ వచ్చే అరుగుదల. రెండోది, ఊరికే నిలబెట్టినా జరిగిపోయే అరుగుదల. సెల్ లోపల ఎలక్ట్రోడ్ మీద ఒక పలుచని పొర క్రమంగా మందం పెరుగుతూ, పనిచేయాల్సిన లిథియాన్ని కొద్దికొద్దిగా మింగేస్తుంది. వేడి ఎక్కువైతే ఆ పొర వేగంగా పెరుగుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఇంకా వేగంగా పెరుగుతుంది. నూరు శాతం నింపి, మధ్యాహ్నపు ఎండలో, నీడలేని చోట రోజుల తరబడి వదిలేసిన కారు, రోజూ తిరిగే కారుకంటే ఎక్కువ నష్టపోవచ్చు. తక్కువ తిరిగింది కాబట్టి మంచి కారు అన్న పెట్రోలు కాలపు సూత్రం ఇక్కడ పూర్తిగా పనిచేయదు.

వేడి ఎంత పని చేయగలదో చెప్పే పాఠం అమెరికాలోని అరిజోనాది. నిస్సాన్ లీఫ్ తొలి కార్ల బ్యాటరీలను ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. 2012లో ఫీనిక్స్ పరిసరాల యజమానులు రెండేళ్లైనా నిండకుండానే సామర్థ్యం పడిపోతోందని గగ్గోలు పెట్టారు. ఆ తర్వాతే కంపెనీ బ్యాటరీ సామర్థ్యానికి విడిగా హామీ ఇచ్చింది. కానీ లీఫ్ పాత కార్ల ధర మీద పడిన మచ్చ చాలా ఏళ్లు పోలేదు. కాబట్టి ఇక్కడ పాత కారు చూసేవారు అడగాల్సిన మొదటి సాంకేతిక ప్రశ్న ఇదే: ఈ మోడల్‌లో బ్యాటరీని చల్లబరిచేది ద్రవమా, ఒట్టి గాలా?

రెండో ప్రశ్న రసాయనం గురించి. నెక్సాన్ ఈవీ వంటి కార్లలో ఉండేది ఎల్‌ఎఫ్‌పీ అని పిలిచే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. కోనా వంటి తొలి కార్లలో నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన రకం ఉంది. మొదటిది అంతే సామర్థ్యానికి ఎక్కువ బరువు తూగుతుంది గానీ, వేడిని మెరుగ్గా ఓర్చుకుంటుంది, ఎక్కువసార్లు నింపినా నిలుస్తుంది. దానికో చిక్కు కూడా ఉంది. నిండుగా ఉన్నా సగం ఉన్నా దాని వోల్టేజి దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అందువల్ల ఎంత మిగిలిందో లెక్కగట్టే కంప్యూటర్ అప్పుడప్పుడూ పొరపడుతుంది. మధ్యమధ్య నూరు శాతం నింపితేనే ఆ లెక్క సరిపడుతుంది. తెర మీద కనిపించే శాతాన్ని చూసి కారు బాగుందనీ బాగాలేదనీ తీర్పు చెప్పేయడం అందుకే తొందరపాటు.

ఒకే అరుగుదల, వేరు వేరు దారులు

బ్యాటరీ 15 శాతం తగ్గిందంటే ఎంత నష్టం? సమాధానం కారులో లేదు, కొనేవారి దారిలో ఉంది.

తొలి నెక్సాన్ ఈవీకి ప్రమాణ పరీక్షలో వచ్చిన దూరం 312 కిలోమీటర్లు. హైవే మీద ఏసీ వేసుకుని నడిపితే 200 దరిదాపుల్లో వస్తుందనుకుందాం. 15 శాతం అరిగితే 170. ఇప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి మీద దూరాలు పరచి చూడాలి. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. కొత్తలో ఎక్కడా ఆగకుండా చేరే కారు, అరిగాక దారిలో ఒకచోట ఆగి చార్జింగ్ పెట్టుకోవాల్సిందే. వైద్యానికో విమానానికో తరచూ చెన్నై వెళ్లే కుటుంబానికి ఆ 30 కిలోమీటర్లే కారు విలువలో అసలు భాగం. అదే నెల్లూరు నుంచి కావలికి రోజూ వెళ్లొచ్చే ఉద్యోగికి రానూపోనూ 110 కిలోమీటర్లు. కొత్త బ్యాటరీ అయినా, అరిగిన బ్యాటరీ అయినా రాత్రి ఇంట్లో చార్జింగ్ పెడితే సరిపోతుంది. ఆయనకు ఆ 15 శాతం నష్టం లేనట్టే.

ఒంగోలు వైపు చూస్తే ఈ తేడా ఇంకా పదునుగా కనిపిస్తుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీలకు రోజూ వెళ్లొచ్చేవారికి, పొగాకు వేలం కేంద్రాల చుట్టూ తిరిగేవారికి పాత కారు పూర్తిగా సరిపోతుంది. విజయవాడ సుమారు 150 కిలోమీటర్లు కాబట్టి చేరతారు, చేతిలో మిగిలేది మాత్రం 50 బదులు 20. పొదిలి, మార్కాపురం దాటి దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కాలంటే లెక్క వేరు. ఎక్కుడులో బ్యాటరీ వేగంగా కరుగుతుంది. దిగేటప్పుడు కొంత తిరిగి నిండుతుంది గానీ పోయినదంతా రాదు. హైవే మీద కనిపించినంతగా చార్జింగ్ కేంద్రాలు లోపలి దారుల్లో కనిపించవు.

పెట్రోలు కారు మైలేజి కొంత తగ్గితే అందరికీ ఖర్చు కొంత పెరుగుతుంది. ఎలక్ట్రిక్ కారు దూరం కొంత తగ్గితే కొందరికి ఏమీ పోదు, కొందరికి కారు చేసే పనే పోతుంది. బేరగాళ్లు మాత్రం అందరికీ ఒకే ధర చెబుతారు. దగ్గరి దూరాల్లో తిరిగేవారికి పాత ఎలక్ట్రిక్ కారు చౌకగా దొరికినట్టు అనిపించడానికి కారణం ఇదే.

ఏడాదికి తరుగు, కిలోమీటరుకు మిగులు

తరుగుదలను ఒంటరిగా చూస్తే ఎలక్ట్రిక్ కారు కొనడమే పొరపాటనిపిస్తుంది. నడిపే ఖర్చు పక్కన పెట్టి చూడటం వల్ల వచ్చే భ్రమ అది.

పై ఉదాహరణలో 200 కిలోమీటర్లకు, చార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుని, 33 యూనిట్లు పడుతుందనుకుందాం. ఇంటి కరెంటు పై స్లాబు ధర యూనిట్‌కు 9.75 రూపాయలు వేసినా కిలోమీటరుకు 1.6 రూపాయలు. ఆ సైజు పెట్రోలు కారు లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తే, 110 రూపాయల పెట్రోలుతో కిలోమీటరుకు 6.9 రూపాయలు. తేడా 5 రూపాయలకు పైనే. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగేవారికి సుమారు 80 వేలు మిగులుతాయి. అయిదేళ్లలో నాలుగు లక్షలు. అమ్మకంలో పోయిన అదనపు సొమ్ము చాలావరకు అప్పటికే ఇంటికి వచ్చేసింది. ఏడాదికి 4,000 కిలోమీటర్లే తిరిగితే మిగిలేది 21 వేలు. ఆ కారుకు తరుగుదల మాత్రం దాదాపు అంతే ఉంటుంది.

ఎలక్ట్రిక్ కారు విలువ ప్రధానంగా ఏడాదిని బట్టి తరుగుతుంది, లాభం కిలోమీటరును బట్టి వస్తుంది. పండుగకూ పెళ్లికీ బయటికి తీసే కారుగా కొత్త ఎలక్ట్రిక్ కారు కొనడం ఆర్థికంగా బరువైన నిర్ణయం. ఆ అవసరానికి పాతదే నయం, ఎందుకంటే తరుగుదలలో పెద్ద భాగం వేరొకరు భరించేశారు. ఇంట్లో చార్జింగ్ వీలులేక ప్రతిసారీ బయటి ఫాస్ట్ చార్జర్ల మీద ఆధారపడేవారికి యూనిట్ 20 రూపాయలు పడితే కిలోమీటరు ఖర్చు 3 రూపాయలు దాటుతుంది. అప్పుడు మిగులు తగ్గిపోతుంది.

వారంటీ చేతులు మారితే

ఎక్కువ కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, హామీ ఇస్తాయి. అందుకే నాలుగేళ్ల కారుకూ ఏడేళ్ల కారుకూ ధరలో తేడా మూడేళ్ల అరుగుదలతో ఆగదు. ఎనిమిదో ఏడు దగ్గరపడే కొద్దీ కొనేవారి భయం ధరలోకి చేరుతుంది. ఈ మధ్య కొన్ని మోడళ్లకు జీవితకాల హామీ అంటున్నారు. అక్కడ షరతు చదవాలి. మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ కార్లకు ప్రకటించిన జీవితకాల హామీ మొదటి సొంత యజమానికే. కారు చేతులు మారితే అది 10 ఏళ్లు లేదా 2,00,000 కిలోమీటర్లుగా మారుతుంది. అది కూడా మంచి హామీయే, కానీ అమ్మేటప్పుడు జీవితకాలం అని చెప్పుకునే వీలుండదు.

ఎంజీ విండ్సర్, కామెట్ వంటి కార్లలో బ్యాటరీని అద్దెకు తీసుకునే పథకం మరో మెలిక. విండ్సర్ 2024 సెప్టెంబరులో 9.99 లక్షల ధరతో వచ్చినప్పుడు అది బ్యాటరీ లేని ధర. బ్యాటరీకి కిలోమీటరుకు 3.5 రూపాయలు వేరు. అలాంటి కారు చేతులు మారేటప్పుడు బ్యాటరీ అద్దె ఒప్పందం ఎవరి పేరిట ఉంది, బాకీ ఎంత ఉంది, కొత్త యజమాని దాన్ని కొనసాగించాలా అన్నది రాతపూర్వకంగా తేలాలి. ఇదే కారుకు మూడేళ్లకు, 45,000 కిలోమీటర్ల లోపు ఉంటే, 60 శాతం ధరకు తిరిగి తీసుకుంటామనే హామీని కూడా కంపెనీ ప్రకటించింది. అమ్మకం విలువపై భయమే కొనుగోళ్లకు అడ్డమని తయారీదారులే గుర్తించారనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

వారంటీ ముగిశాక బ్యాటరీ మార్చాల్సి వస్తే ఎంత? 2024 నాటి ప్రపంచ సగటు ధరతో 30 యూనిట్ల ప్యాక్ సుమారు 3,450 డాలర్లు, అంటే దాదాపు 3 లక్షల రూపాయలు. వినియోగదారుడికి చేరేసరికి రవాణా, లాభం, కూలీ కలిసి అంతకంటే చాలా ఎక్కువవుతుంది. ఎక్కువమందికి తెలియని పన్ను విషయం కూడా ఉంది. బ్యాటరీతో సహా కారు కొంటే జీఎస్టీ 5 శాతం, లిథియం బ్యాటరీని విడిగా కొంటే 18 శాతం. అయితే ప్యాక్ మొత్తం ఒకేసారి పోవడం అరుదు. చెడిన మాడ్యూల్ (ప్యాక్‌లోని సెల్‌ల కట్ట) ఒక్కటే మార్చే వీలున్న చోట ఖర్చు చాలా తగ్గుతుంది. ఆ పని చేయగల సర్వీసు కేంద్రం ఎంత దూరంలో ఉందన్నది కూడా కారు ధరలో భాగమే.

18 శాతం జీఎస్టీ మీద అపోహ

2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం పాత వాహనాలపై పన్నును, ఎలక్ట్రిక్‌తో సహా, 18 శాతానికి మార్చింది. కారు ధర మొత్తం మీద 18 శాతం కట్టాలేమోనని అప్పట్లో పెద్ద కలకలం రేగింది. అది నిజం కాదు. ఒక వ్యక్తి మరో వ్యక్తికి అమ్మితే జీఎస్టీ లేదు. నమోదైన డీలరు అమ్మితే లాభం మీద మాత్రమే పన్ను. డీలరు 7 లక్షలకు కొని 7.6 లక్షలకు అమ్మితే 60 వేల మీద 18 శాతం, 10,800 రూపాయలు. పాత 12 శాతంతో 7,200 అయ్యేది. తేడా 3,600. ధర లక్షల్లో పడిపోవడానికి దీన్ని కారణంగా చూపితే నమ్మనవసరం లేదు.

చిన్న సంత, పెద్ద తగ్గింపు

నెల్లూరు, ఒంగోలు, కావలి వంటి పట్టణాల్లో పాత పెట్రోలు కారుకు కొనేవారు ఎప్పుడూ ఉంటారు. ఒకరు వద్దంటే ఇంకొకరు. పాత ఎలక్ట్రిక్ కారు కొనేవారు తక్కువ. కాబట్టి మధ్యవర్తికి అది ఎన్ని నెలలు తన షెడ్డులో నిలబడిపోతుందోనన్న బెంగ ఉంటుంది. ఆ బెంగకు ధర కట్టి ముందే తగ్గించుకుంటాడు. దాన్ని మోసమని అనలేం, చిన్న సంతలో ఏ సరుకుకైనా జరిగేదే. చెన్నైలో, హైదరాబాదులో అదే కారుకు కొంత మెరుగైన ధర రావడానికి కారణం కొనేవారి సంఖ్యే.

కొనేవారు హైదరాబాదు నుంచి తెస్తే మరో లెక్క పడుతుంది. తెలంగాణ 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించింది. ఆ చౌకదనం పాత కారు ధరలోనూ కనిపిస్తుంది. కానీ మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే వాహనానికి అక్కడి నంబరు తీసుకోవాలి. అక్కడి పన్ను నిబంధనలు అప్పుడు వర్తిస్తాయి. అడ్వాన్సు ఇచ్చేముందే రవాణా కార్యాలయంలో ఆ మొత్తం తెలుసుకోవాలి. జనం సీ బుక్కు అని పిలిచే ఆర్‌సీ మీద ఫైనాన్స్ నమోదు ఉంటే ఫారం 35తో దాన్ని తీయించాలి. వేరే రాష్ట్రపు కారుకు ఫారం 28తో నిరభ్యంతర పత్రం, పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. ఒకప్పుడు ఏపీ 26 అంటే నెల్లూరు, ఏపీ 27 అంటే ప్రకాశం అని నంబరు చూసి కారు ఎక్కడ తిరిగిందో అంచనా వేసేవారు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక ఆ ఆనవాలు కూడా లేదు. ఎలక్ట్రిక్ కార్లలో ఎక్కువ భాగం ఆ తర్వాత వచ్చినవే.

కారు ఎక్కడ తిరిగిందన్నది ఇక్కడ ఉబుసుపోక అడిగే ప్రశ్న కాదు. 2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరు పరిసరాలను ముంచింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను ఈ తీరమంతా వాన కుమ్మరించింది. చాలా కార్ల బ్యాటరీ పెట్టెలకు ఉండే ఐపీ 67 ప్రమాణం మీటరు లోతు నీటిలో అరగంట పాటు లోపలికి నీరు రాదని చెబుతుంది. రాత్రంతా బురదలో మునిగిన కారుకు ఆ హామీ వర్తించదు. బీమా క్లెయిముల చరిత్ర అడగడం, సీట్ల కింద, తివాచీల అడుగున బురద జాడ వెతకడం, కనెక్టర్ల మీద ఉప్పుగాలి తుప్పు చూడటం తీరప్రాంతంలో తప్పనిసరి.

సాక్ష్యం ఎలా దొరుకుతుంది?

అనుమానమే ధరను తినేస్తోంది కాబట్టి, అనుమానం తీర్చగలిగిన యజమాని మెరుగైన ధర అడగగలడు. సర్వీసు కేంద్రంలో బ్యాటరీ స్థితి నివేదిక తీసుకోవడం మొదటి మార్గం. ఎన్నిసార్లు ఫాస్ట్ చార్జింగ్ చేశారన్న వివరం కూడా దొరికితే ఇంకా మంచిది.

నివేదిక లేకపోతే ఒక రాత్రి, ఒక కరెంటు మీటరు చాలు. 30.2 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారును 20 శాతానికి తెచ్చి, నూరు దాకా నింపాలి. 80 శాతం అంటే 24 యూనిట్లు. చార్జింగ్‌లో పోయేది పది శాతం కలిపితే మీటరు మీద 27 యూనిట్ల దరిదాపుల్లో తిరగాలి. 15 ఆంపియర్ల ప్లగ్‌తో ఇది సుమారు తొమ్మిది గంటల పని. 21 యూనిట్లకే నూరు శాతం చూపిస్తే సామర్థ్యం 80 శాతం కంటే దిగువకు వచ్చిందని అర్థం. ఎల్‌ఎఫ్‌పీ కారు అయితే ముందు ఒకసారి పూర్తిగా నింపి, నడిపి, ఆ తర్వాత ఈ పరీక్ష చేస్తేనే లెక్క నమ్మదగినది. రెండు మూడు యూనిట్ల తేడా పట్టించుకోవాల్సింది కాదు. ఆరేడు యూనిట్లు తగ్గితే మాత్రం ధర మళ్లీ మాట్లాడుకోవాలి.

ఐరోపా సమాఖ్య (యూరోపియన్ యూనియన్) ఈ పనిని చట్టంలోకే తెచ్చింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే ప్రతి ఎలక్ట్రిక్ వాహన బ్యాటరీకీ డిజిటల్ పాస్‌పోర్టు ఉండాలి. దాని పుట్టుక, రసాయనం, సామర్థ్యం, వాడకంతో వచ్చిన మార్పులు అందులో నమోదవుతాయి. అలాంటి ఏర్పాటు ఇక్కడ వచ్చేదాకా, కారు బేరానికి వెళ్లేవారు మెకానిక్‌తో పాటు ప్లగ్‌కు తగిలించే చిన్న యూనిట్ల మీటరును కూడా వెంట తీసుకెళ్లాల్సి ఉంటుంది. దాని ఖరీదు కొన్ని వందలు, అది తేల్చే తేడా లక్షల్లో ఉంటుంది.